సముద్రమేపు సీటు

మా మావ ఇంజను గురించి ఏ సంగతైనా రెండుసార్లు చెప్పేవాడు. మొదటిసారి చెప్పింది రెండోసారికి తలకిందులయ్యేది. మొదటి మాట నమ్మి ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో అరగదీసి, తగరంతో మాటు పెట్టి పట్టుకెళ్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇటేపు ఎవడెట్టమన్నాడ్రా నిన్ను?" అనేవాడు. "నువ్వే" అంటే నమ్మేవాడు కాదు. ఎనిమిది నెలలు ఇదే వరస. నాకసలే కోపం ఎక్కువ. ఆ ఎనిమిది నెలల్లో ఎన్ని ఆకురాళ్లు గోడకేసి కొట్టానో మా ఆవిడని అడిగితే చెప్తుంది.

నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ మెకానిక్కుని. జీడిపిక్కల్ని కొట్టే ముందు ఆవిరి మీద ఉడికించాలి. ఆ ఆవిరి సంగతంతా నాది. మావ అంటే మా అమ్మకి అన్న, నాకు పిల్లనిచ్చినవాడు. వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. ఇంట్లో మగవాళ్లందరూ పడవెక్కి వేటకెళ్తే ఆయనొక్కడే పలాస వచ్చి బొగ్గు ఇంజనెక్కాడు. పంతొమ్మిదేళ్లు పొయ్యిలో బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేసి, ఆ తర్వాత స్టోర్లో కూర్చుని రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన కిడ్నీలు పని చేయడం లేదు. ఆ ఊళ్లలో అదేం వింత కాదు. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. అంత దూరం తిరగలేక మా ఇంట్లోనే ఉంటున్నాడు.

ఒకరోజు డయాలసిస్ నుంచి తీసుకొస్తుంటే రైల్వే గేటు పడింది. కరెంటు ఇంజను ఒకటి గూడ్సు బండిని లాక్కుంటూ వెళ్లింది. అప్పటిదాకా ఆటోలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్న మనిషి లేచి చూశాడు.

"ఇదేటి, ఇంజనా? ఇనప బీరువా. నా ఇంజను సూసుంటే తెలిసీది నీకు."

"ఏదీ, ఫోటో సూపించు."

"ఫోటో నేదు."

"ఒక్కటీ నేదా?"

"బొగ్గెయ్యమంటారు గానీ ఫోటో దిగమంటారేట్రా?"

ఫోన్లో వెతికి బొగ్గు ఇంజన్ల బొమ్మలు చూపించాను. దేన్నీ ఒప్పుకోలేదు. "దీని మొహం ఏరు." "దీనికి నడుం పొట్టి." "ఇది మనూరిది కాదు." పది బొమ్మలయ్యేసరికి నాకు ఒళ్లు మండింది. "అయితే నువ్వు సెప్పు, నేను సేసి సూపిత్తాను" అన్నాను.

"నువ్వా! బాయిలరోడివి. నీ పొయ్యి ఏ రోజైనా ఉన్న సోటు నించి కదిలిందేట్రా?" అన్నాడు. ఆటో నడిపే అతను కూడా నవ్వాడు.

ఇరవయ్యారేళ్లుగా ఆయన నన్ను పిలిచే పిలుపు అదే. అల్లుడని పిలిచిన గుర్తు నాకు లేదు. ఫ్యాక్టరీలో నా బాయిలర్ చప్పుడు విని లోపల ఏం తేడా ఉందో చెప్పగలనని ఊరంతా అంటారు. ఆయన మాత్రం అనడు. ఆయన దృష్టిలో కదలని ఆవిరి ఆవిరే కాదు. అందుకే నాకు పంతం పట్టింది. ఆ మనిషి ఉండగా, నేను చేసినదాన్ని చూసి, "ఇదే, ఇది నా ఇంజనే" అనాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆయన ఒళ్లు చూస్తే దానికి ఎంత వ్యవధి ఉందో నాకు తెలియదు.

కొలత అడుగుకి అరంగుళం పెట్టుకున్నాను. వెనక బొగ్గు బండి లేకుండా ఒట్టి ఇంజనే మూరకి మూడు వేళ్లు ఎక్కువ వచ్చింది. పాత నీళ్ల మోటారు తాలూకు రాగి గొట్టం బాయిలరైంది. చక్రాలు లేత్ షాపులో ఇత్తడి కడ్డీ నుంచి తీయించాను గానీ, వాటి లోపలి ఆకులు మాత్రం సన్న రంపంతో నేనే కోశాను. ఒక్కో చక్రానికి ఒక్కో ఆదివారం పట్టింది. చేత్తో పట్టుకునే కడ్డీలకి సైకిలు స్పోకులు వాడాను. బాయిలర్ నడుం మీద ఉండే గుమ్మటానికి ఏం పెట్టినా మావ ఒప్పుకోలేదు. ఆఖరికి మా ఆవిడ కుంకుమ భరిణె మూత బోర్లించి పెడితే, "ఆఁ, అదీ" అన్నాడు. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

రివెట్ల సంగతి చెప్పకూడదు. రేకుని చెక్క మీద బోర్లించి, మొన అరగదీసిన మేకుతో వెనక నుంచి ఒక్కొక్కటే నొక్కాలి. కాస్త గట్టిగా నొక్కితే చిల్లి పడుతుంది, మెల్లిగా నొక్కితే కనపడదు. కేబిన్ ఒక పక్క రేకుకి నూట నలభై. నూట ముప్పై ఎనిమిదో దగ్గర చిల్లి పడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కొత్త రేకు తెచ్చుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

లోపల రెండు చిన్న సిలిండర్లు కూడా పెట్టాను. బయటి నుంచి ఆవిరి గొట్టం తగిలిస్తే చక్రాలు తిరగాలి, ముందుకీ వెనక్కీ మార్చడానికి ఒక చిన్న మర ఉండాలి. ఇది నా సొంత విద్య, దీంట్లో ఆయన మాట అక్కర్లేదు. తంటా అంతా పైన కనపడేవాటితోనే వచ్చింది.

మావ నోట కుడి ఎడమ అనే మాటలు రావు. వాళ్ల ఊళ్లో ఎవరి నోటా రావు. ఏదైనా కొండేపు, లేదంటే సముద్రమేపు. ఉప్పు డబ్బా ఎక్కడుందంటే సముద్రమేపు అరలో అంటారు. అన్నం కొండేపు మొహం పెట్టి తినమంటారు. మా ఆవిడ కాపురానికొచ్చాక మా ఇంట్లోనూ అదే అలవాటైంది, నేనూ అలాగే మాట్లాడతాను. అందుకని నాకు అనుమానం రాలేదు. పలాసలో ఇంజనెక్కి, మావ డ్యూటీకెళ్లే ఖుర్దా వైపు, అంటే ఉత్తరానికి మొహం పెడితే సముద్రం కుడిచేతికి, మహేంద్రగిరి ఎడమచేతికి. కాబట్టి సముద్రమేపు అంటే ఇంజనుకి కుడి పక్క అని తేల్చుకున్నాను. మరిచిపోకుండా కుడి పక్క సుద్దముక్కతో 'స' అనీ, ఎడమ పక్క 'కొ' అనీ రాసుకున్నాను.

"నా సీటు సముద్రమేపు" అన్నాడు మావ. కుడి పక్క సీటు పెట్టాను. పది రోజులు పోయాక, "కొండేపు గోడకి ఒక కొక్కెం ఉండీది, నా సీటు ఎనకాలే. తువ్వాలు దానికే తగిలించీవోణ్ణి" అన్నాడు.

"మావా, నీ సీటు సముద్రమేపు అన్నావు గదా?"

"అవును."

"మరి కొక్కెం కొండేపంటావేటి?"

"అవును. సీటు ఎనకాలే."

"రెండూ ఎలగౌతాయి?"

"అయ్యీవి. ఆడ కూకున్నోణ్ణి నేనా, నువ్వా?"

బొగ్గు తడిపే నీళ్ల గొట్టం ఒకసారి అటన్నాడు, ఒకసారి ఇటన్నాడు. అన్నం క్యారేజీ చల్లారకుండా పెట్టుకునే అరా అంతే. పెద్ద గూడ్సు ఇంజనుకి ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారని ఎక్కడో విన్నాను. సరే, అటొకడూ ఇటొకడూ కూర్చునేవారేమో, ఎవరి సామాను వాళ్లకి ఉండేదేమో అనుకుని అన్నీ రెండు పక్కలా పెట్టేశాను. రెండు సీట్లు, రెండు కొక్కేలు, రెండు అరలు. మరి డ్రైవరు ఎక్కడుంటాడని అడిగితే, "ఆయన సోట ఆయనుంటాడు" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

నాకు అంతా అయోమయంగా ఉండేది. డయాలసిస్ చేయించుకొచ్చిన రోజు ఆయన మాట కాస్త తడబడుతుంది. అలాంటి రోజుల్లో మా ఆవిణ్ణి పట్టుకుని మా అమ్మ పేరుతో పిలుస్తాడు. మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అందుకని ఆ రోజుల్లో చెప్పింది తప్పు, మిగతా రోజుల్లో చెప్పింది ఒప్పు అని లెక్క పెట్టుకుని ఒక కాయితం మీద రాసి చూశాను. అదీ నిలబడలేదు. మంచిగా ఉన్న రోజున కూడా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పేవాడు. ఈయనకి మతి పోతోందా, నాకు పోతోందా అని నిజంగానే భయమేసింది.

ఒకరోజు పొయ్యి కింద గాలి తలుపు లాగే పిడి సముద్రమేపు అన్నాడు. మాటు వేడి ఇంకా ఆరలేదు, కొండేపు అన్నాడు. కేబిన్ మొత్తం ఊడబీకి పెరట్లోకి విసిరేశాను. అది వెళ్లి అంట్లు తోముకునే చోట పడింది. మా ఆవిడ తీసుకొచ్చి, చీర కొంగుతో తుడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది.

"బావా, మా అయ్య అబద్ధం సెప్పడు. నీకే ఇనడం రాదు" అంది.

"నాకు ఇనడం రాదా! ఎనిమిది నెలల నించి ఇంటన్నాను. ఇని ఇని నా సెవులు సిల్లులడిపోయేయి."

"అరిత్తే ఏటొస్తాది? ఇంకొకర్ని అడుగు."

డయాలసిస్ దగ్గర మావ పక్క కుర్చీలో కూర్చునే ఆయన కోటబొమ్మాళిలో ఒక రిటైరైన స్టీము డ్రైవరున్నాడని చెప్పాడు. ఊడిన కేబిన్ని మళ్లీ అతికించి, ఇంజన్ని పాత లుంగీలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని పలాసలో దక్షిణం వెళ్లే పాసింజరెక్కాను. పెట్టె ఒళ్లో పెట్టుకుని మూత తీసి చూసుకుంటున్నాను. ఇంజను ముక్కు బండి వెళ్లే వైపే ఉంది. 'స' అని రాసిన పక్క మాత్రం కొండల వైపుంది. తిరగేసి పెట్టానేమో అనుకుని ఇంజన్ని పెట్టెలోనే తిప్పి, 'స'ని సముద్రం వైపు చేసి కూర్చున్నాను. అప్పుడైనా నా బుర్రకి వెలగలేదు.

నేను వెళ్లేసరికి డ్రైవరు గారు అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. మొహం సగం నురగ. ఇంజన్ని ఎదురుగా పెడితే కత్తి పక్కన పెట్టేసి వంగి చూశారు. కుడి పక్క చూసి, "ఫైర్‌మన్ పక్క. బాగా సేసేవు బాబూ, తువ్వాలు కొక్కెం కూడా ఎట్టేవు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇంజన్ని తిప్పారు. ఎడమ పక్క చూశారు. మళ్లీ కుడికి తిప్పారు, మళ్లీ ఎడమకి తిప్పారు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకి గడ్డం మీది నురగ ఎగిరి నా పొగగొట్టం మీద పడింది.

"ఇదీ ఫైర్‌మన్ పక్కే గదా!"

"పెద్ద ఇంజనుకి ఇద్దరు ఫైర్‌మన్లుంటారు గదండి" అన్నాను.

"ఉంటారు. రెండోవోడు బొగ్గు పగలగొట్టి ముందుకి తోస్తాడు, ఆడికి సీటేటి? సరే, ఇద్దర్నీ కూకోబెట్టీసేవు. మరి నేనెక్కడ కూకోవాలి బాబూ? గుమ్మటం మీదా?"

సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయన నవ్వు ఆపుకుని, డ్రైవరు పక్క ఏమేం ఉంటాయో ఓపిగ్గా చెప్పారు. ఆవిరి వదిలే పిడి, ముందుకీ వెనక్కీ మార్చే చక్రం, బ్రేకు, బాయిలర్ పొడుగునా పొగపెట్టె దాకా వెళ్లే లావు గొట్టం. డ్రైవరు ఎప్పుడూ ఎడమ పక్కే అన్నారు. ఇది ఎవరి ఇంజనని అడిగితే మావ ఊరూ, షెడ్డూ చెప్పాను. ఆయన మొహం మారింది.

"ఆడా! ఆడి పార సప్పుడు ఇప్పటికీ గేపకముంది నాకు. మలుపులో సిగ్నలు మాకు కనపడదు బాబూ, బాయిలరు అడ్డమొస్తాది. ఆ పక్క నించి ఫైర్‌మనే సూసి, సిగ్నలిచ్చేరంటే సెప్పాలి, 'ఇచ్చీసేడు డ్రైవరు గోరూ' అని. ఆ మాట ఇనపడందే మేం పిడి మీద సెయ్యెయ్యం. ఆడు సెప్తే మళ్లీ తొంగి సూడక్కర్లేదు. ఆడు డ్రైవరు అవ్వాల్సినోడు."

"మరి అవ్వలేదేటండి?"

"కళ్ల పరీక్షలో తప్పేడు పాపం. ఇంకో నెలకి డ్రైవర్ల లిస్టులో పేరొస్తాదనగా తప్పేడు. ఆ రోజు ఇంజను దిగినోడు మళ్లీ ఎక్కనేదు. స్టోర్లో పడేసేరు."

స్టోరు ఉద్యోగం ప్రమోషనని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్త అప్పట్లో ఊరంతా లడ్డూలు పంచిందని మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. ఆ లడ్డూ నేనూ తిన్నాను. పెట్టె మూసుకుని వచ్చేశాను.

తిరుగు బండిలో మళ్లీ పెట్టె మూత తీసి చూస్తే, 'స' మళ్లీ కొండల వైపుంది. వెళ్లేటప్పుడు నేనే కదా తిప్పాను! తల గోక్కుంటూ మళ్లీ తిప్పాను. ఇంజను ముక్కు బండి వెళ్లే వైపుకొచ్చింది, 'స' సముద్రం వైపుకొచ్చింది. అలా చూస్తూ ఉండిపోయాను. నౌపడా దాటాక నాకు వెలిగింది.

ఇంజను అటు చివరికి వెళ్లాక దాన్ని తిరిగే గుండ్రటి పట్టాల బల్ల మీద పెట్టి ముక్కు ఇటు తిప్పేవారు. ఖుర్దా వెళ్లేటప్పుడు ఫైర్‌మన్ సీటు సముద్రం వైపు. ముక్కు తిప్పి పలాస వచ్చేటప్పుడు అదే సీటు కొండ వైపు. సీటు మారలేదు, కొక్కెం మారలేదు, సముద్రమే అటు నుంచి ఇటు మారింది. మావ వెళ్లిన రోజు గుర్తొస్తే సముద్రమేపు అన్నాడు, వచ్చిన రోజు గుర్తొస్తే కొండేపు అన్నాడు. ప్రతి మాటా నిజమే చెప్పాడు. నేను ఒకే పక్కని రెండుసార్లు కట్టాను. నాలో నేను పగలబడి నవ్వుతుంటే, ఎదురుగా చేపల బుట్టతో కూర్చున్నావిడ బుట్ట తీసుకుని పక్కకి జరిగింది.

ఆ నవ్వు పలాస దాకా నిలవలేదు. ఎనిమిది నెలలు అంత మాట్లాడిన మనిషి రెండో పక్క గురించి ఒక్క ముక్కయినా ఎందుకు చెప్పలేదు?

ఇంటికెళ్లి ఇంజన్ని ఆయన మంచం మీద పెట్టాను.

"మావా, నువ్వు సెప్పిందంతా ఒక పక్కే. ఆ రెండో పక్క ఏటుండీది?"

"ఏ పక్క?"

"డ్రైవరు గోరి పక్క."

ఆయన దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"నాకు తెల్దు" అన్నాడు.

"పంతొమ్మిదేళ్లు పక్కనే ఉన్నావు గదా."

"సూడనేదురా. రేపో మాపో అది నాదవుద్ది గదా, అప్పుడు సూద్దాం అనుకున్నాను."

కళ్ల పరీక్ష సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాత్రి అన్నాలు తినేటప్పుడు మా ఆవిడకి మెల్లిగా చెప్పాను. ఆవిడ కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. "మా అమ్మకి కూడా సెప్పనేదన్నమాట" అంది. ఆ ఊసు వాళ్ల నాన్న దగ్గర ఎత్తొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఎడమ పక్క అతికినవన్నీ మళ్లీ కాల్చి ఊడదీశాను. డ్రైవరు గారికి ఫోన్ చేసి అడుగుతూ కొత్తవి చేశాను. లావు గొట్టానికి ఫ్రిజ్ మెకానిక్ దగ్గర రాగి గొట్టం దొరికింది. దిశ మార్చే చక్రానికి పాత గోడ గడియారం పళ్ల చక్రం సరిపోయింది. ఆవిరి వదిలే పిడి మాత్రం నాలుగుసార్లు చేశాను, నాలుగోది కుదిరింది. ఈ పని చేసినన్నాళ్లూ మావ ఇంజను చూపించమని ఒక్కసారీ అడగలేదు. మునుపు పక్కన కూర్చుని ప్రాణం తీసేవాడు, ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. మంచి పని చేస్తున్నానో, పుండు కెలుకుతున్నానో నాకు అర్థం కాలేదు.

"మావా, ఆపీమంటావేటి?" అని అడిగాను ఒకసారి.

"నీ ఇష్టం బాయిలరూ" అన్నాడు.

అంతా అయ్యాక నడిమింట్లో, ఆయన మంచం పక్కన, ఒక బల్ల మీద ఇంజన్ని చక్రాలు ఆనకుండా నిలబెట్టాను. ఆవిరికి మా ఆవిడ ప్రెషర్ కుక్కరు తీసుకున్నాను. కుక్కరు విజిల్ తీసేసి అక్కడ రబ్బరు గొట్టం బిగించాను. "ఈ కుక్కరు పప్పుకా, రైలుకా?" అంది మా ఆవిడ. అంటూనే గ్యాసు పొయ్యి తెచ్చి బల్ల పక్కన పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం డయాలసిస్ నుంచి వచ్చేసరికి మావ బాగా నీరసించి ఉన్నాడు. గుమ్మంలోనే మా ఆవిణ్ణి మా అమ్మ పేరుతో పిలిచి చెప్పులు తీయమన్నాడు. ఈ రోజు వద్దులే అనుకున్నాను. ఆయనే బల్ల వైపు చూసి, "తెమిలిందేట్రా?" అన్నాడు.

"రేపు సూద్దాం మావా."

"రేపు నాకు డ్యూటీ ఉందో నేదో. ముట్టించు."

తలగడలు పెట్టి కూర్చోబెట్టాము. ఇంజన్ని ఫైర్‌మన్ పక్క ఆయన వైపుకి వచ్చేలా జరిపాను. ఆయన సీటు చూశాడు. అర చూశాడు. కొక్కేనికి ఆయన పాత తువ్వాలు అంచు చింపి చిన్న పేలిక తగిలించి ఉంచాను. దాన్ని చిటికెన వేలితో కదిపి చూశాడు.

కుక్కరులో ఆవిరి పట్టాక పిడి కొంచెం లాగాను. చక్రాలు ఒణికాయి, ఆగాయి, ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

"ఒరే బాయిలరోడా! ఎనక్కెల్తందిరా!"

దిశ మార్చే చక్రం వెనక్కి ఉంచి మరిచిపోయాను. తిట్టుకుంటూ ఆవిరి కట్టేసి, దాన్ని ముందుకి తిప్పాను. ఇంజనుకి అటు ఆయన, ఇటు నేను. నేను అన్ని నెలలూ మనసులో అనుకున్నది ఒకటుంది. ఆ పిడి ఆయన చేత లాగించాలని.

"మావా, నువ్వు లాగు. ఇదిగో, ఇదే పిడి" అన్నాను.

ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు. "అది నాది కాదు" అన్నాడు.

కోపంగా అనలేదు. నేనింకేదో అనబోతున్నాను. ఆయన మంచం కోడు పట్టుకుని ముందుకి వంగాడు. బాయిలర్ పక్క నుంచి తల బయటికి పెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చిట్లించి, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి దూరంగా చూశాడు. కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి వెళ్తోంది. అది వెళ్లిపోయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఇచ్చీసేడు డ్రైవరు గోరూ" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. మా ఆవిడ పొయ్యి దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన నన్ను నేనుగా గుర్తుపట్టే అన్నాడో, వేరే ఎవరో కూర్చున్నారనుకున్నాడో, ఆ కళ్లకి ఆ వీధిలో ఏం కనపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున మళ్లీ బాయిలరోడనే పిలిచాడు. ఇదే నా ఇంజను అన్న మాట ఆయన ఈ రోజుకీ అనలేదు.

ఆ క్షణంలో మాత్రం ఆయన తల తిప్పకుండా, ఇంకా ఆ దూరంలోకే చూస్తూ, కొంచెం గట్టిగా అన్నాడు.

"డ్రైవరు గోరూ, ఇనపడనేదేటండి?"

"ఇనపడింది" అని పిడి లాగాను.